‘వద్దు’ అని విన్నాం... ‘చేయించుకోండి’ అని చెప్పేదెవరు?

2024 ఏప్రిల్ 19న చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళే దారి ఎలా ఉందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సంతానం లేనివాళ్ళకి గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి పొద్దున్నే కార్లూ ఆటోలూ బైకులూ బారులు తీరాయి. కిలోమీటర్ల కొద్దీ బండి కదల్లేదు. ‘చదువుకున్నవాళ్ళు కూడా ఇదేం పిచ్చి!’ అని ఆ సాయంత్రం టీవీల ముందు కూర్చుని నవ్వినవాళ్ళున్నారు. నాకైతే నవ్వు రాలేదు. ఒక్క పూటలో అంతమంది రోడ్డెక్కారంటే, ఇళ్ళల్లో తలుపులు వేసుకుని ఎంతమంది ఏడుస్తున్నారో కదా అనిపించింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో లెక్క చెప్పింది. ఆ లెక్క మన వీధికీ, మన బంధువర్గానికీ కూడా వర్తిస్తుంది.

ఈ బాధకు మతమేముంది? మా ఉప్పుగూడలో ఒకే గల్లీలో మూడు మతాల వాళ్ళం ఉంటాం. పెళ్ళయిన ఏడాదికల్లా ‘ఏమన్నా విశేషమా?’ అని అడగడంలో మాత్రం అందరిదీ ఒకటే తీరు. బిడ్డ కలగాలని ఒకామె లాల్‌దర్వాజ అమ్మవారికి బోనం మొక్కుకుంటుంది. ఒకామె నాంపల్లి దర్గాలో చాదర్ సమర్పిస్తానంటుంది. ఇంకొకామె ఫిబ్రవరిలో గుణదల మరియమాత కొండెక్కుతుంది. ముగ్గురి కన్నీళ్ళదీ ఒకటే ఉప్పు.

అయితే ఆ మూడో ఆమెకు, అంటే మా కతోలిక ఆడపడుచుకు, మిగతా ఇద్దరికీ లేని ప్రశ్న ఒకటి ఎక్కువ ఉంటుంది. ‘డాక్టరు చెప్పిన ఈ వైద్యానికి మా శ్రీసభ ఒప్పుకుంటుందా?’ అన్నది. ఈ మాట ఆమె డాక్టర్ని అడగదు, ఆవిడకేం తెలుసులే అనుకుంటుంది. ఫాదర్‌గారిని అడగదు, సిగ్గు. అత్తగారిని అడగదు, భయం. ఇక మిగిలేది పూజ అయ్యాక గుడి మెట్ల మీద వినపడే గుసగుసలు. అక్కడ ఆమెకు దొరికే జవాబు ఒకటే: ‘మన ఆర్.సి.ఎం. వాళ్ళకి టెస్ట్‌ట్యూబ్ బేబీ కూడదంటమ్మా’. అంతటితో అధ్యాయం సమాప్తం!

కూడనిదేమిటో అందరికీ తెలుసు. చేయించుకోదగినదేమిటో ఎవరికీ తెలియదు. నా బాధంతా అదే. ఈ తెలియకపోవడం వల్ల మా పిల్లలు పోగొట్టుకుంటున్నది డబ్బు ఒక్కటే కాదు, తిరిగిరాని వయసు కూడా. నేను డాక్టర్ని కాను, వేదశాస్త్రం చదివినదాన్నీ కాను. కథలు రాసుకునే గృహిణిని. రోమ్‌తో వాదానికి దిగే ఉద్దేశం నాకు లేదు. కానీ మా విచారణను, మా ఇళ్ళల్లోని మగవాళ్ళను రెండు మాటలు అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

వద్దన్నది ఏమిటి? ఎందుకు?

1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ అనే పాప పుట్టింది. తల్లి గర్భం బయట పిండం ఏర్పడి, తర్వాత గర్భంలో పెరిగి పుట్టిన మొదటి బిడ్డ. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో అలాంటి పాపే మన దేశంలోనూ పుట్టింది. దుర్గ అన్నారు. అప్పట్లో ఆ డాక్టరుగారిని నమ్మినవాళ్ళు తక్కువ, వేధించినవాళ్ళు ఎక్కువ. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయన గొప్పతనాన్ని గుర్తించేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ కొత్త వైద్యం గురించి శ్రీసభ ఏమంటుందని ప్రపంచమంతా అడిగింది. దానికి జవాబుగా 1987లో వాటికన్ ఒక పత్రం వెలువరించింది. లాటిన్‌లో దాని పేరు ‘దోనుమ్ వీతే’, అంటే జీవమనే వరం అని. 2008లో ‘దిగ్నితాస్ పెర్సోనే’ అని ఇంకో పత్రం వచ్చింది. రెండింటి సారాంశాన్నీ మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

ఒకటి: బిడ్డ భార్యాభర్తల కలయికలోంచి రావాలి గానీ, ఆ కలయికను పక్కన పెట్టి ప్రయోగశాలలో తయారు కాకూడదు. రెండు: పిండం మొదటి క్షణం నుంచే ఒక మనిషి. ఐదారు పిండాలను తయారుచేసి, బాగున్నవి ఏరుకుని, మిగిలినవి పారేయడమో గడ్డకట్టించి దాచడమో తప్పు. మూడు: భార్యాభర్తల మధ్యకు మూడో మనిషి రాకూడదు. అంటే దాత ఇచ్చిన అండం, దాత ఇచ్చిన వీర్యం, అద్దెగర్భం ఏవీ కూడవు. అద్దెగర్భం విషయంలో 2024లో పోప్ ఫ్రాన్సిస్ ఇంకా గట్టిగా మాట్లాడారు, ప్రపంచమంతటా నిషేధించాలన్నారు.

ఈ కారణాలు విని ఒప్పుకోవచ్చు. ఒప్పుకోలేక మథనపడవచ్చు. అది ఆ దంపతుల మనస్సాక్షికీ దేవుడికీ మధ్య సంగతి. కానీ కారణమే తెలియకుండా ‘పాపమంట’ అని భయపడటం విశ్వాసం కాదు, ఉత్త బెదురు. కారణం తెలిస్తే క్లినిక్కులో సంతకం పెట్టేముందు ఏం అడగాలో తెలుస్తుంది. మన దేశంలో 2021లో చేసిన చట్టం ప్రకారం ఈ వైద్యానికి దంపతులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. మిగిలిన పిండాలను గరిష్ఠంగా 10 సంవత్సరాలు నిల్వ ఉంచవచ్చు. ఆ గడువు దాటాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతులు ఒప్పుకుంటే పరిశోధనకు ఇవ్వాలి. నాకు తెలిసినంతలో, ఆ కాగితంలో ఈ సంగతి ఉంటుందని తెలియకుండానే సంతకాలు పెట్టినవాళ్ళు మా వాళ్ళల్లోనే ఉన్నారు. ఇంగ్లీషులో పది పేజీలుంటే, బల్ల మీద పెన్ను పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అంటే ఎవరు మాత్రం చదువుతారు?

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. అలా పుట్టిన బిడ్డలో ఏ లోపమూ లేదు. పద్ధతిని వద్దన్న ఆ పత్రాలే, బిడ్డ ఏ విధంగా పుట్టినా దేవుడిచ్చిన వరంగానే స్వీకరించాలని చెప్పాయి. జ్ఞానస్నానానికి తెచ్చిన పసిగుడ్డును చూస్తూ ‘ఇది మామూలుగా పుట్టిందా, ట్యూబులో పుట్టిందా?’ అని చెవులు కొరుక్కునేవాళ్ళు ఏ పత్రం చదివి అలా మాట్లాడుతున్నారో వాళ్ళకే తెలియాలి!

మరి చేయించుకోదగినవి?

2008 నాటి పత్రంలోనే ఆ జాబితా ఉంది. సహజంగా గర్భం రావడానికి అడ్డుగా ఉన్నదాన్ని తొలగించే వైద్యం ఏదైనా సరే, నిక్షేపంగా చేయించుకోవచ్చు. హార్మోన్ల చికిత్స, ఎండోమెట్రియోసిస్‌కి ఆపరేషన్, మూసుకుపోయిన అండవాహికలను తెరిచే ఆపరేషన్ అని పేర్లు పెట్టి మరీ చెప్పారు. ఇది చిన్న జాబితా అనుకుంటే పొరపాటు. సంతానం కలగని దంపతుల్లో చాలామందికి మొదట కావలసినవి ఈ వైద్యాలే.

థైరాయిడ్ సంగతే చూడండి. చిన్న రక్తపరీక్ష. అది తేడాగా ఉంటే నెలసరి గతి తప్పుతుంది, అండం సరిగ్గా విడుదల కాదు. రోజుకో మాత్రతో సరిపోయే కేసులు ఎన్నో. పి.సి.ఓ.డి. అని ఇప్పుడు ప్రతి ఇంట్లో వినపడుతున్న సమస్య ఉన్నవాళ్ళకి, బరువు కొంత తగ్గితేనే నెలసరి దారిలో పడవచ్చు. లేకపోతే అండం విడుదల కావడానికి ఐదు రోజుల మాత్రలిస్తారు. వీటిలో దేనికీ శ్రీసభ అడ్డు చెప్పదు.

మన దేశంలో మరీ ముఖ్యంగా చూసుకోవలసింది క్షయ. క్షయ అంటే దగ్గూ, ఊపిరితిత్తులే అనుకుంటాం. అది గర్భాశయానికీ అండవాహికలకూ కూడా పాకుతుంది. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు. చడీచప్పుడూ లేకుండా వాహికలను పాడుచేస్తుంది. ముందే పట్టుకుంటే మందులున్నాయి, ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా ఇస్తారు. ఆలస్యమైతే మందులు క్షయను పోగొడతాయి గానీ పాడైన వాహికలను బాగుచేయలేవు. ‘ఇంకో ఏడాది చూద్దాం, గుణదల వెళ్ళొద్దాం’ అని కూర్చుంటే జరిగేది ఇదే. గుణదల తప్పకుండా వెళ్ళండి. కానీ పరీక్ష చేయించుకున్నాక వెళితే మరియమాత ఏమీ అనుకోదు.

ఇంకొకటుంది. పెళ్ళికి ముందు శిక్షణలో సహజ కుటుంబ నియంత్రణ అని చెబుతారు కదా. 1950లలో మెల్‌బోర్న్‌కి చెందిన డాక్టర్ జాన్ బిల్లింగ్స్ మొదలుపెట్టి, తర్వాత ఆయన భార్య డాక్టర్ ఎవెలిన్‌తో కలిసి అభివృద్ధి చేసిన పద్ధతి. నెల మధ్యలో పచ్చిగుడ్డు తెల్లసొనలా సాగే జిగురు కనిపించే రోజుల్ని కాగితం మీద గుర్తు పెట్టుకోవడం. బిడ్డలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకి దీన్ని నేర్పుతారు. బిడ్డలు కావాలనుకునేవాళ్ళకి కూడా ఇదే కాగితం బంగారంలాంటిదని మాత్రం ఎవరూ చెప్పరు! ఏ రోజుల్లో గర్భం నిలవడానికి అవకాశముందో ఇది చెబుతుంది. నెలసరిలో తేడాలేమైనా ఉంటే డాక్టరుకి చూపించడానికి ఆధారమవుతుంది. అమెరికాలోని ఒమాహాలో డాక్టర్ థామస్ హిల్గర్స్ 1985లో ఒక సంస్థ పెట్టి, ఇలాంటి గుర్తుల కాగితం ఆధారంగా కారణం వెతికి చికిత్స చేసే ‘నేప్రో’ విధానాన్ని రూపొందించారు. అంతదూరం మనం వెళ్ళలేకపోవచ్చు. కాగితం, పెన్సిలు ప్రతి ఇంట్లో ఉన్నాయి.

భర్త వీర్యాన్ని గర్భాశయంలోకి ఎక్కించే ఐ.యు.ఐ. గురించి కూడా చాలామంది అడుగుతారు. దంపతుల కలయికకు సాయపడేదైతే సరే, దానికి బదులుగా వచ్చేదైతే కూడదు అని శ్రీసభ గీత గీసింది. మామూలుగా క్లినిక్కుల్లో చేసే పద్ధతి ఆ గీతకు ఏ పక్కన పడుతుందన్న దాని మీద వేదశాస్త్ర పండితుల్లోనే చర్చ ఉంది. కాబట్టి ఇది గుడి మెట్ల మీద తేలే విషయం కాదు. విషయం తెలిసిన గురువుతో, డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవలసింది.

మొదటి పరీక్ష ఎవరికి?

మా ఉప్పుగూడ స్టేషన్ దగ్గర ఉండే ఒకమ్మాయి, ఫిరంగిపురం వైపు పిల్ల, పెళ్ళయి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఆమెకు స్కానింగులు లెక్కలేనన్ని, రంగునీళ్ళు ఎక్కించి వాహికలు చూసే ఎక్సరే రెండుసార్లు, కడుపుకి చిన్న రంధ్రం పెట్టి చూసే లాప్రోస్కోపీ ఒకసారి జరిగాయి. నాటుమందులు వేరే. అన్నిటిలోనూ ‘బాగానే ఉంది’ అనే వచ్చింది.

“మీ ఆయనకి ఏం వచ్చింది?” అని అడిగాను.

“ఆయనకేం పరీక్ష చేస్తారక్కా?” అంది అమాయకంగా. కాసేపాగి తనే అంది, “మా అత్తయ్య ఒప్పుకోరక్కా. మా వంశంలో మగాళ్ళకి అలాంటివి లేవంటారు.”

ఆ పరీక్ష ఎనిమిదో ఏట జరిగింది. లోపం ఎక్కడుందో గంటలో తేలింది. ఇప్పుడు ఆయనకు చికిత్స జరుగుతోంది. ఫలితం ఏమవుతుందో దేవుడికి తెలుసు. కానీ ఆమెకిప్పుడు 34. మొదటి ఏడాదే ఆ గంట కేటాయించి ఉంటే ఆమె శరీరానికి అన్ని కోతలు తప్పేవి కదా!

పిల్లలు కలగని దంపతుల్లో దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అన్నిటికంటే తేలికైనదీ, చవకైనదీ, సూది గుచ్చనిదీ ఆయన పరీక్షే. అయినా మన ఇళ్ళల్లో అదే చిట్టచివరి పరీక్ష. మన మాటల్లో కూడా అంతే. ‘గొడ్రాలు’ అని ఆడదాన్ని అనడానికి మాట ఉంది. మగవాడిని అనడానికి దానికి జోడీ మాట మన వీధుల్లో ఎప్పుడైనా విన్నారా? లోపం ఇద్దరిలో ఎవరికైనా ఉండొచ్చు, తిట్టు మాత్రం ఒకరికే రాసిపెట్టి ఉంది.

మా మగవాళ్ళలో కొందరు ఇక్కడ మతాన్ని అడ్డం పెట్టుకుంటారు. పరీక్షకు నమూనా ఇచ్చే మామూలు పద్ధతి శ్రీసభకు సమ్మతం కాదు, అందుకే చేయించుకోలేదంటారు. సమ్మతం కాదన్నది నిజమే. కానీ దానికి దారి కూడా ఉంది. దంపతుల కలయికలోనే, పరీక్ష కోసమే చేసిన ప్రత్యేకమైన తొడుగుతో, దానికి చిన్న రంధ్రం ఉంచి నమూనా సేకరించవచ్చునని కతోలిక వైద్యులు చెబుతారు. మామూలు తొడుగులు పనికిరావు, వాటిలోని పూత వీర్యకణాలను దెబ్బతీస్తుంది. నమూనా గంటలోపు లేబొరేటరీకి చేరాలి. లేబ్‌వాళ్ళతో ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. ఈ సంగతి ఆడవాళ్ళ పేజీలో రాయాలా అని ఎవరైనా ముఖం చిట్లిస్తే నాదొక్కటే జవాబు. మగవాళ్ళ పేజీలో ఎవరూ రాయడం లేదు కనుక!

ఎప్పుడు వెళ్ళాలి అంటారా? ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే ఇద్దరూ వెళ్ళాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. ఒక్కతే కాదు, ఇద్దరూ.

‘ఇంకో పెళ్ళి’ బెదిరింపు

‘పిల్లలు పుట్టకపోతే మావాడికి ఇంకో సంబంధం చూస్తాం’ అనే మాట కతోలిక ఇళ్ళల్లో కూడా వినిపిస్తుంది. ఆ మాట విని వణికిపోయే కోడళ్ళకి ఒక్క విషయం చెప్పాలి. శ్రీసభ చట్టంలో, 1983 నాటి ధర్మశాస్త్రం 1084వ సూత్రంలో, సంతానలేమి వివాహానికి అడ్డంకి కాదనీ, దానివల్ల వివాహం చెల్లకుండా పోదనీ స్పష్టంగా ఉంది. పెళ్ళికి ముందే తెలిసి, దాచిపెట్టి మోసం చేస్తే అది వేరే విషయం. అలా కానప్పుడు ‘బిడ్డలు లేరు’ అన్న కారణంతో గుడిలో జరిగిన పెళ్ళిని ఎవరూ కొట్టేయలేరు. బిడ్డలు లేకపోయినా అది పూర్తి వివాహమే, అది పూర్తి కుటుంబమే. ఇంత గట్టి అండ మన సొంత మతంలో ఉండగా, ఏ ఆదివారం ప్రసంగంలోనూ నేను దీన్ని వినలేదు. అత్తగార్లు విని తీరవలసిన ప్రసంగం ఇదే కదా!

పెంచుకునే దారి తెరుచుకుంది

‘ఎవరినైనా పెంచుకోరాదూ’ అని సలహా ఇవ్వడం తేలిక. కానీ మన దేశంలో చాలాకాలం క్రైస్తవులకు దత్తత చట్టమే లేదని ఎంతమందికి తెలుసు? 1956 దత్తత చట్టం హిందువులకు, దానితోపాటు సిక్కు, జైన, బౌద్ధులకు వర్తించింది. క్రైస్తవులు, ముస్లింలు, పార్సీలు 1890 నాటి చట్టం కింద ‘సంరక్షకులు’ మాత్రమే కాగలిగేవారు. ఇరవై ఏళ్ళు కన్నబిడ్డలా పెంచినా కాగితం మీద అమ్మ కాదు, గార్డియన్! 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, 2006లో దానికి చేసిన సవరణ ఈ గోడను పడగొట్టాయి. ఏ మతం వారైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఇప్పుడున్నది 2015 చట్టం. దాని ప్రకారం దత్తత బిడ్డకు కన్నబిడ్డకుండే హక్కులన్నీ ఉంటాయి. దంపతులకు పెళ్ళయి కనీసం రెండేళ్ళు నిండాలి. ‘కారా’ అనే కేంద్ర సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఇంటికి వచ్చి విచారిస్తారు. నిరీక్షణ చాలా ఎక్కువ. అందుకే వైద్యం అంతా అయిపోయి, విసిగిపోయి, చివరి మెట్టుగా కాకుండా ముందునుంచే దీన్ని కూడా ఒక దారిగా మనసులో పెట్టుకోవాలి. వయసుకి ఇక్కడా పరిమితులున్నాయి.

నిరీక్షించలేక అడ్డదారి తొక్కితే ఏమవుతుందో 2025 జూలైలో మన సికింద్రాబాద్‌లోనే చూశాం. అద్దెగర్భం ద్వారా మీ బిడ్డే అని నమ్మించి, లక్షలు తీసుకుని, వేరే పేద తల్లి బిడ్డను చేతిలో పెట్టారన్న ఫిర్యాదుతో పోలీసులు ఒక సంతానసాఫల్య కేంద్రం నిర్వాహకులను అరెస్టు చేశారు. డి.ఎన్.ఎ. పరీక్షలో ఆ బిడ్డ తమది కాదని తేలిన దంపతుల గుండె ఎంత పగిలి ఉంటుందో ఊహించండి. బిడ్డను పోగొట్టుకున్న ఆ పేద తల్లిది ఇంకో గోస. ఆస్పత్రి ఆయాలూ, మధ్యవర్తులూ ‘బిడ్డ ఉంది, తీసుకుంటారా’ అంటే పరుగెత్తి దూరంగా వెళ్ళాలి.

గుంటూరు డాక్టరమ్మ

‘శ్రీసభకు ఈ సంగతులెందుకు, ప్రార్థన చెబితే చాలదా?’ అనేవాళ్ళకి నేను మేరీ గ్లౌరీ గారిని గుర్తుచేస్తాను. ఆస్ట్రేలియాలో పేరున్న డాక్టరు. మన దేశంలో తల్లులూ పసిబిడ్డలూ వైద్యం అందక చనిపోతున్నారని చదివి, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో కన్యస్త్రీగా చేరారు. కన్యస్త్రీలు డాక్టరు వృత్తి చేయడానికి వీల్లేని రోజులవి. ఆమె పోపుగారి నుంచి ప్రత్యేక అనుమతి పొందారు. పురుడు పోయడం కన్యస్త్రీలకు తగదన్న కట్టుబాటును కూడా 1936లో రోమ్ సడలించింది. 1943లో ఆమె ఇంకొందరు సిస్టర్లతో కలిసి కతోలిక ఆస్పత్రుల సంఘాన్ని మొదలుపెట్టారు. ఆ సంఘమే ఈనాడు దేశమంతా వేల ఆరోగ్య కేంద్రాలను కలిపి ఉంచుతోంది. దాని ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

కట్టుబాటు సడలడం వేరు, నీతిబోధ మారడం వేరు. ఆ తేడా నాకు తెలుసు. టెస్ట్‌ట్యూబ్ విషయంలో రేపే రోమ్ మాట మారుస్తుందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది చిన్న మాట. నూరేళ్ళ క్రితం తెలుగు నేల మీద ఆడవాళ్ళ కడుపుకోతను చూసి ‘ఇది మా పని’ అని భుజానికెత్తుకున్న శ్రీసభే ఇది. ఆనాడు ప్రసవంలో పోయే ప్రాణాలు దాని పని అయితే, ఈనాడు గదిలో ఒంటరిగా కుమిలిపోయే దంపతులు దాని పని కాదా?

ఏం చేయవచ్చు?

పెద్ద ఖర్చుల పనులు కావు. పెళ్ళికి ముందు ఇచ్చే శిక్షణలో ఒక్క గంట ఈ విషయానికి ఇవ్వాలి. ఏడాదిలో గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్షకు వెళ్ళాలని ఆనాడే పెళ్ళికొడుకు చెవిన వేయాలి. అప్పుడు అది నింద అవదు, పాఠం అవుతుంది. విచారణ నోటీసుబోర్డు మీద చేయించుకోదగిన వైద్యాల పట్టిక తెలుగులో ఒకటి అంటించాలి. ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పగల ఒక డాక్టరు పేరు, ఒక సిస్టర్ పేరు ప్రతి విచారణలో తెలిసి ఉండాలి. ఇన్ని కతోలిక ఆస్పత్రులున్న రాష్ట్రంలో ఇది అసాధ్యమా?

ఇంకొకటి, ఏ ఖర్చూ లేనిది. మాతృ దినోత్సవం నాడు ‘తల్లులందరూ ముందుకు రండి’ అని పిలిచి పువ్వు ఇస్తారు. మంచిదే. కానీ బెంచీల మీద మిగిలిపోయిన ఐదారుగురి వైపు ఆ క్షణంలో గుడి గుడంతా తిరిగి చూస్తుంది. ఆ పువ్వు ఆడవాళ్ళందరికీ ఇస్తే పోయేదేముంది? బైబిల్లో హన్నా దేవాలయంలో బిడ్డ కోసం పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. కానీ ఆమె తన బాధ చెప్పగానే విన్నాడు, దీవించి పంపాడు. మన గురువులు విననివాళ్ళేం కాదు. మనమే చెప్పడం లేదు. ఒక్కరు అడిగితే సిగ్గు. పదిమంది అడిగితే అది విచారణ సమస్య అవుతుంది.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, వచ్చే ఆదివారం పూజ అయ్యాక మెట్ల మీద గుసగుసలాడటం మానేసి, ఫాదర్‌గారి గది దాకా వెళదాం. ‘ఏమేం కూడవో మాకు తెలుసు ఫాదర్, ఏమేం చేయించుకోవచ్చో మా పిల్లలకు చెప్పించండి’ అని అడుగుదాం. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు మన మగవాళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళదాం. బయట బండి దగ్గర నిలబడి ఎదురుచూసే అలవాటు వాళ్ళు ఇకనైనా మానుకోవాలి.